డీఎల్ఎల్ ఫైల్ లేదంటే ఏదో సైట్ నుంచి దించకండి

ఎడిటర్ గారికి నమస్తే,

కంప్యూటర్‌లో వచ్చే డీఎల్ఎల్ ఎర్రర్ల గురించి మీ పేపర్లో ఒకసారి గట్టిగా రాయండి సార్. "వీసీరన్‌టైమ్140 డాట్ డీఎల్ఎల్ లేదు" అని రాగానే పిల్లలు ఆ పేరే గూగుల్‌లో కొట్టి ముక్కూమొహం తెలీని సైట్ నుంచి ఆ ఒక్క ఫైల్ దించి విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేస్తున్నారు, అందులో వైరస్ ఉంటే పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, నిజంగా భయమేస్తోంది. డీఎల్ఎల్ అంటే చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్. పైన చెప్పిన వీసీరన్‌టైమ్140 ఫైల్ మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీతో వస్తుంది, ఫ్రీనే, వాళ్ల సైట్ నుంచే వేసుకోవాలి, 64 బిట్ విండోస్‌లోనూ 32 బిట్ ప్రోగ్రాములుంటాయి కాబట్టి ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ వేయాలి (చాలామంది ఒకటే వేసి ప్రోగ్రామ్ ఇంకా రావట్లేదంటారు). విండోస్ సొంత ఫైళ్లే పాడైతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ కొడితే చాలావరకు అదే సరిచేస్తుంది.

– ఒక పాఠకుడు, ఖమ్మం