మంత్రి గారూ, పిల్లల పిప్పి పళ్లకు బడిలోనే వైద్యం ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతుల టీచర్‌ని. మా పిల్లల పళ్ల గురించి రాస్తున్నాను.

మధ్యాహ్న భోజనం దగ్గర కూర్చుంటే ఎవరికి పన్ను పుచ్చిందో నోరు తెరిపించకుండానే తెలిసిపోతుంది. రెండో తరగతి పాప ఒకతి అన్నమంతా ఎడమ వైపే నములుతుంది. చిక్కీ ఇస్తే కొరకలేక పక్క పిల్లకు ఇచ్చేస్తుంది. నొప్పి ఎక్కువైన రోజు బుగ్గ పట్టుకుని తల వాల్చేస్తుంది, ఇక ఆ పూట పాఠం ఎక్కదు. వాళ్లమ్మను అడిగితే, "పాల పళ్లేగా టీచర్, ఎలాగూ ఊడిపోతాయి" అంది. ఆమెను తప్పుపట్టలేను. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది.

కానీ అది పాల పన్ను కాదు, ఆరోగ్య పరీక్షకు వచ్చిన డాక్టరు గారే చూసి చెప్పారు. ఆరేళ్ల వయసులో పాల పళ్ల వరుస వెనక, ఏ పన్నూ ఊడకుండానే పెద్ద దవడ పన్ను ఒకటి వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సింది. పోతే మళ్లీ రాదు.

పరీక్షలు జరగడం లేదని నేననడం లేదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే 2013 నుంచి ఉంది, అందులో పిప్పి పళ్లు కూడా చూడాలి. చూస్తారు, రాసుకుంటారు, పెద్దాస్పత్రికి వెళ్లమంటారు. చాలామంది పిల్లల విషయంలో కథ అక్కడే ఆగిపోతుంది. మరుసటి ఏడు అదే పిల్ల, అదే పన్ను, ఇంకాస్త పెద్ద గుంత.

బడిలోనే చేయగల వైద్యం ఉంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందును చిన్న బ్రష్‌తో పుచ్చిన చోట పూస్తే చాలావరకు పుచ్చు ముదరకుండా ఆగుతుంది. డ్రిల్లింగ్ అక్కర్లేదు, మత్తు సూది అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పూసిన చోట నల్లబడుతుంది కాబట్టి తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించాలి. చీము పట్టిన పళ్లకు మాత్రం ఇది పనికిరాదు, ఆ పిల్లల్ని బడి నుంచే వాహనంలో ఆస్పత్రికి తీసుకెళ్లే ఏర్పాటు ఉండాలి. విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి హౌస్ సర్జన్లను ఆర్‌బీఎస్‌కే బృందాలతో పాటు పంపండి.

చిక్కీ, రాగి జావ ఆపమని అడగడం లేదు, రక్తహీనత ఉన్న పిల్లలకు అవి కావాలి. తిన్నాక ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోమించే బాధ్యత మేం తీసుకుంటాం. బ్రష్షులు, పేస్టు, కుళాయిల్లో నీళ్లు ఇప్పించండి చాలు. కనిగిరి లాంటి చోట్ల నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి, అక్కడ ఏ పేస్టు ఎంత వాడాలో దంత వైద్యులే తేల్చాలి.

రాష్ట్రమంతా ఒకేసారి కుదరకపోతే జిల్లాకో మండలం తీసుకోండి. ఒకటో తరగతి పిల్లలతో మొదలుపెట్టండి. వాళ్లకు ఆ దవడ పన్ను వచ్చేది ఇప్పుడే.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు