హనుమకొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తలసేమియా అనే రక్త జబ్బున్న పిల్లల కోసం ఒగ్గు డోలు, డప్పు, ఆదిలాబాద్‌లో గోండుల కథలు పాడే పర్ధాన్ల తీగవాద్యం కిక్రీ, ఖవ్వాలీ హార్మోనియం కలిపి కచేరీ పెడుతున్నాం. కాళోజీ కళాక్షేత్రం ఇప్పించండి.

టికెట్లు అమ్మకముందే విరాళాల ఖాతా, పన్ను మినహాయింపు కావాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో చేసిన కచేరీ రికార్డు, సినిమాల మీద వచ్చిన డబ్బు, ముందస్తు పన్ను మినహాయింపు లేకనే ఏళ్లతరబడి ఇరుక్కుంది.

కచేరీ మొదలయ్యే వేళకు మూడు గంటల ముందే హాలు తెరవాలి. హార్మోనియం శ్రుతి మారదు, కిక్రీ తీగలనే దానికి కలపాలి. చెమ్మకు తోలు వదులైతే డప్పు మోత చచ్చిపోతుంది. కాచుకోను ఆరుబయట మంటకు చోటివ్వండి. కిక్రీ గొంతు చిన్నది. దానికి దగ్గరగా విడి మైకు పెట్టి, డోళ్లను వెనక్కి జరపాలి. లేకుంటే పర్ధాన్లు అలంకారానికి కూర్చున్నట్టుంటుంది, అది మేం ఒప్పుకోం.

కళాకారుల దారిఖర్చు విరాళంలోంచి తీయం, దానికి వేరే పద్దు రాస్తున్నాం.

ఇట్లు,
కచేరీ నిర్వాహకులు, హనుమకొండ