2024–25 వార్షిక నివేదిక: తెల్లమబ్బు చేపలను ఎండాకాలం దాటించాం

అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ ఆదివారం పనులు మానుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

ఇళ్లలో గాజు తొట్టెల్లో చేపలు పెంచుకునే మన సంఘానికి ఈ సంవత్సరం పదకొండు నెలవారీ సమావేశాలు జరిగాయి. కొత్తగా తొమ్మిది మంది చేరారు. తొట్టెల్లో పెంచే నీటి మొక్కల మార్పిడి ఎప్పటిలాగే సాగింది. ఎక్కువగా చెప్పుకోవాల్సింది మాత్రం తెల్లమబ్బు చేపల గురించే.

కొత్తవారి కోసం రెండు ముక్కలు. తెల్లమబ్బు చేప అంటే వైట్ క్లౌడ్ మౌంటెన్ మిన్నో, నాలుగు సెంటీమీటర్లు మించని చేప. చైనాలోని గ్వాంగ్‌జౌ దగ్గర తెల్లమబ్బు కొండ వాగుల్లో తాన్ అనే స్కౌట్ నాయకుడి కంట పడింది. 1932లో దానికి పెట్టిన శాస్త్రీయ నామంలో ఆయన పేరూ ఉంది, ఆ కొండ పేరూ ఉంది. కాలుష్యం, పర్యాటకుల తాకిడి వల్ల ఆ వాగుల్లో అది కనిపించకుండా పోయింది. 1980 నుంచి అంతరించిందనే అనుకున్నారు. 2001 తర్వాత హైనాన్ దీవిలోనూ, గ్వాంగ్‌డాంగ్‌లోనూ చిన్న చిన్న గుంపులు దొరికాయి. అన్నేళ్లూ ఈ చేప ప్రపంచమంతటా ఇళ్లలోని గాజు తొట్టెల్లో బతికింది. మన సంఘం చేసే పని విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

దానికి 18 నుంచి 22 డిగ్రీల నీళ్లు హాయి. మన హైదరాబాద్ మే నెల సంగతి మీకు చెప్పాలా! నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. మల్కాజిగిరిలో కోశాధికారి గారింట్లో పద్నాలుగు చేపలను పెట్టి, తొట్టి చుట్టూ తడి గోనెసంచులు కట్టాం. నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పాం. మధ్యాహ్నాలు గడ్డకట్టించిన నీళ్ల సీసాలు తేల్చాం. ఒక రాత్రి గాలివానకు కరెంటు పోతే ఇద్దరు సభ్యులు బ్యాటరీ పంపులు పట్టుకుని తడుస్తూ వచ్చారు. ఆ టెన్షన్ నేను మరచిపోలేను. పన్నెండు చేపలు మిగిలాయి.

ఎండాకాలంలో ఈ చేపలను చూసుకునే డ్యూటీ జాబితాలో పేర్లు ఇచ్చినవారు పన్నెండు మంది, వచ్చినవారు నలుగురు. ఫోన్ చేస్తే ఎత్తనివారు కూడా ఉన్నారు. బాధతోనే రాస్తున్నాను.

డిసెంబరు చలి పడగానే మగ చేపలు ఎర్రని రెక్కలు విప్పి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. ఆడ చేపలు జావా నాచులో గుడ్లు చల్లాయి. మిగతా చాలా చేపలు తమ గుడ్లను తామే తినేస్తాయి, ఇవి అంతగా తినవు, అయినా నాచును వేరే తొట్టిలోకి మార్చాం. రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటపడ్డాయి. వాటి నోళ్లు ఎంత చిన్నవంటే పొడి మేత కూడా పట్టదు. క్యాబేజీ ఆకు నానబెట్టిన నీళ్లలో పుట్టే సూక్ష్మజీవులతోనే మొదటి వారం గడిపాం. అరవై ఒక్క పిల్లలు నిలిచాయి!

జనవరిలో తార్నాకలో జరిపిన ప్రదర్శనలో కాలనీ పిల్లలు భూతద్దాలతో వాటిని చూశారు. ఒక కార్యాలయం వారు హాలు ఉచితంగా ఇస్తామని మాట ఇచ్చి, రెండు రోజుల ముందు కాదన్నారు. తన ఇంటి మేడ ఇచ్చిన సభ్యురాలికి, టీ, సమోసాలు పంపిన పెద్దలకు, బల్లలు మోసిన కుర్రాళ్లకు, బ్యానర్ రాసిన తమ్ముడికి సంఘం తరఫున ధన్యవాదాలు.

మిగిలిన పిల్లలను పార్కు చెరువులో వదిలితే దోమల బెడద పోతుందని ఒకరు సూచించారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. మన చెరువులకు మన చిన్న చేపలు, పరకలు ఉన్నాయి. తొట్టెల నుంచి బయటపడ్డ సక్కర్ చేప ఆంధ్రలో చేపల రైతులను ఎంత ఏడిపిస్తోందో చూస్తూనే ఉన్నాం. బంగారు రంగు రకంతో వీటిని కలపవద్దని కూడా మనవి. వీటి అసలు రకం మన దగ్గర శుద్ధంగా ఉండాలి.

లెక్కలు: ఖర్చులు పోను 3,140 రూపాయలు మిగిలాయి. రసీదుల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది.

ఈ ఎండాకాలం డ్యూటీ జాబితా తలుపు పక్కన బల్ల మీద పెట్టాం. రాత్రి పదకొండు గంటలకు కూడా ఫోన్ ఎత్తగలిగినవారే పేరు రాయండి.

– కార్యదర్శి