నిలయ విద్వాంసుల కొలువులు నిలబెట్టండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గోదావరి జిల్లాలో పిల్లలకు వయొలిన్ నేర్పుకుంటూ బతుకుతున్నదాన్ని. ఆకాశవాణి కేంద్రాల్లో నెల జీతం మీద పనిచేసే నిలయ విద్వాంసుల కొలువులను, వాద్య బృందాలను తిరిగి నిలబెట్టమని కోరడానికి మీకు ఈ లేఖ రాస్తున్నాను.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, అన్నవరపు రామస్వామి వంటివారు అక్కడ ఉద్యోగం చేశారు. పొద్దున్నే రేడియోలో వచ్చే భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని వింటూ నిద్రలేచిన తెలుగు ఇళ్లు ఎన్నో! వారి విద్వత్తు వారిదే, సందేహం లేదు. కానీ నెల తిరిగేసరికి జీతం అందుతుందన్న ధీమా వల్లనే అంతటివారు ఊరు విడిచి వెళ్లకుండా, కొత్త పాటలకు బాణీలు కడుతూ, ఇంటికి వచ్చిన శిష్యులకు పాఠం చెబుతూ ఉండగలిగారు. అంతకు ముందు విజయనగరంలో జరిగిందీ ఇదే. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసును అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడికి వయొలిన్ ఆచార్య పదవి ఇచ్చారు. ఘంటసాల, సుశీల చదువుకున్నది ఆ కళాశాలలోనే. సంస్థానం జీతాలివ్వబట్టి ఆ చదువు సాగింది.

వాద్య బృందాన్ని నడిపించేవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ పని ఎంత కష్టమో బయటివారికి తెలియదు. తోడి రాగమే తీసుకోండి. అందులో గాంధారం, అంటే 'గ' స్వరం, ఊగుతూ పలకాలి. నలుగురు వయొలిన్ విద్వాంసులుంటే నాలుగు తీరులుగా ఊపుతారు. ఎవరిది వారు విడిగా వాయిస్తే అందంగానే ఉంటుంది, నాలుగూ కలిస్తే గజిబిజి. స్వరాన్ని ఇలా ఊపి పలికించడాన్నే గమకం అంటారు. వీణ మీద తీగ లాగి పలికించే గమకాన్ని వేణువు మీద రంధ్రం నుంచి వేలు కొద్దిగా జరిపి పలికించాలి. ఎంత ఊపాలి, ఎక్కడ ఆగాలి, ఏ వాద్యం ఎప్పుడు తప్పుకోవాలి అన్నవి స్వరాలు రాసిన కాగితంలో ఉండవు. బృందాన్ని నడిపే విద్వాంసుడు అందరి ముందూ పాడి చూపిస్తాడు, ఒక్కొక్కరి చేతా అనిపిస్తాడు, అందరి చేతులూ ఒకే తీరుకు వచ్చేదాకా వదలడు. పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నవారికే ఆ విద్య అబ్బుతుంది. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్య బృందం ఏర్పడినప్పుడు రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ దానిని తీర్చిదిద్దారు. తరువాతి కాలంలో మన ద్రాక్షారామం బిడ్డ, వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆ బృందానికి సారథ్యం వహించారు. తెలుగువారికి అంతటి వారసత్వం ఉంది.

ఇప్పుడు సంగతేమిటంటే, పదవీ విరమణ చేసిన విద్వాంసుల స్థానాల్లో కొత్తవారు రావడం లేదు. ఆకాశవాణి పరీక్షలో నెగ్గి గ్రేడు పొందిన బయటి కళాకారులను అప్పుడప్పుడు పిలిచి కార్యక్రమం చేయించుకుంటే ప్రసారం గడిచిపోతుంది, బృందం మాత్రం తయారు కాదు. ఒకరి చేయి ఒకరికి తెలియాలంటే రోజూ కలిసి వాయించాలి కదా.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి డిప్లొమా దాకా వచ్చింది. శ్రుతి తప్పని చేయి, తాళం మీద గట్టి పట్టు. "ఇది పూర్తయ్యాక ఉద్యోగం ఏమొస్తుందండీ?" అని వాళ్ల నాన్నగారు అడిగారు. ఆయన ఆటో నడిపి కూతురికి వయొలిన్ కొన్న మనిషి. ఆన్‌లైన్ పాఠాలు చెప్పుకోవచ్చు, అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకు నేర్పవచ్చు అన్నాను. అందులో తప్పు లేదు, గౌరవంగా బతకవచ్చు కూడా. కానీ ఆ పిల్లకు పదిమందితో కలిసి వాయించే చోటు కావాలి, తప్పు పట్టి సరిదిద్దే పెద్దలు కావాలి. ఇంట్లో కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చుంటే అవి దొరకవు.

అయ్యా, నేను అడిగేవి అసాధ్యమైనవి కావు. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలతో మొదలుపెట్టి వీణ, వయొలిన్, వేణువు, మృదంగం విద్వాంసులను, బృందాన్ని నడిపించే ఒకరిని శాశ్వత ప్రాతిపదికన నియమించండి. ఇంకా ఓపిక ఉన్న విశ్రాంత విద్వాంసులను గౌరవ వేతనంతో పిలిపించి, కొత్తగా చేరినవారికి రెండేళ్లు పని నేర్పించండి. వారంతా వయసు మళ్లినవారు కాబట్టి నియామక ప్రకటన ఈ ఆర్థిక సంవత్సరంలోనే వెలువడేలా చూడండి. సంగీత కళాశాలల్లో చివరి ఏడాది చదివే విద్యార్థులను రిహార్సళ్లకు అనుమతించమని కేంద్రాలకు రాయండి. దానికి పైసా ఖర్చు కూడా ఉండదు.

ఇట్లు,
ఒక వయొలిన్ ఉపాధ్యాయురాలు