ఎన్నేళ్లు చూశారో కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

వానర జాతులపై జరిగే పరిశోధనలకు మీ పత్రిక విజ్ఞాన పుటలో తరచుగా చోటు దొరుకుతుండడం సంతోషం. అయితే ఆ వార్తల్లో చాలావరకు 'చింపాంజీలు కూడా మనలాగే ఫలానా పని చేస్తాయట' అన్న ధోరణిలో మొదలై నాలుగు వాక్యాల్లో ముగిసిపోతున్నాయి. ఎన్ని జంతువులను చూశారో, ఎంతకాలం చూశారో, అడవిలో చూశారో బోనులో చూశారో వాటిలో కనబడదు. ఈ శాస్త్రంలో ఒక ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చాలావరకు తేల్చేవి ఆ వివరాలే.

ఆడ చింపాంజీ సాధారణంగా ఐదారేళ్లకు ఒక పిల్లను కంటుంది; ఒరంగుటాన్ల విషయంలో ఆ ఎడం ఏడెనిమిదేళ్లు. ఇంత నిదానంగా నడిచే జీవితాల్లో ఒక ప్రవర్తన అరుదైనదా, అలవాటా, ఆపద్ధర్మమా అన్నది ఒకటి రెండేళ్ల పరిశీలనలో తేలదు. దీనికి కొండముచ్చుల ఉదంతమే మంచి ఉదాహరణ. ధార్వాడ్ పరిసరాల అడవుల్లో 1960ల ఆరంభంలో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా, ఒక గుంపును కొత్త మగ కొండముచ్చు ఆక్రమించిన తరువాత అందులోని పసికూనలు దాని దాడిలో చనిపోవడాన్ని గమనించి లోకానికి తెలిపారు. ఇరుకులో బతకడం వల్ల పుట్టిన వికృతి అని అప్పట్లో చాలామంది దాన్ని పక్కన పెట్టారు. 1970లలో మౌంట్ ఆబూ కొండముచ్చులను అధ్యయనం చేసిన సారా హర్డీ మాత్రం, పాలు తాగే పిల్ల పోతే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది కనుక, ఆ మగదానికి తన సంతానాన్ని కనే అవకాశం ముందే దక్కుతుందని, ఇది పరిణామక్రమంలో నిలిచిన వ్యూహమని వాదించారు. చనిపోయినవి ఆ మగదాని సొంత పిల్లలే అయితే ఈ వాదం మొత్తం కూలిపోతుంది. ఆ సంగతిని తేల్చేందుకు డీఎన్ఏ పరీక్షలు రావాల్సి వచ్చింది: నేపాల్‌లోని రామ్‌నగర్ కొండముచ్చులపై 1999లో వెలువడిన పరిశోధనలో, దాడి చేసిన మగవాటికి ఆ పిల్లలతో రక్తసంబంధం లేదని తేలింది. మొదటి పరిశీలనకూ ఈ నిర్ధారణకూ మధ్య దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయి. మధ్యలో ఏ సంవత్సరం వార్త రాసినా అది సగం కథే అయ్యేది.

చింపాంజీల హింస విషయంలోనూ ఇదే జరిగింది. టాంజానియాలోని గోంబేలో జేన్ గుడాల్ 1960లో పరిశీలన మొదలుపెట్టారు. 1974 నుంచి నాలుగేళ్లపాటు అక్కడి ఒక గుంపు మగవి, తమ నుంచి విడిపోయిన మరో గుంపును వెంటాడి తుడిచిపెట్టాయి. పరిశోధకులు అరటిపండ్లు పెట్టి మచ్చిక చేసుకోవడమే ఈ కొట్లాటలకు కారణమన్న విమర్శ చాలాకాలం నిలిచింది. నా దృష్టిలో అది అడగదగిన ప్రశ్నే. దానికి సమాధానం ఒక్క గోంబే నుంచి రాలేదు. 18 చింపాంజీ సమూహాలపై వేర్వేరు అడవుల్లో దశాబ్దాలుగా పోగైన నమోదులను ఒకచోట చేర్చి 2014లో పరిశీలించినప్పుడు, హత్యలకూ మనుషుల జోక్యానికీ పొంతన కుదరలేదు. మనకు చింపాంజీలంత దగ్గరి బంధువులే అయిన బొనోబో వానరాల నాలుగు సమూహాల్లోనైతే అనుమానాస్పదమైన మరణం ఒక్కటే కనిపించింది. ఈ తేడాను చెప్పకుండా 'హింస మన రక్తంలోనే ఉంది' అని శీర్షిక పెట్టడం తొందరపాటు. అన్నట్టు, 'కోతి నుంచి మనిషి' అన్న శీర్షికను కూడా ఇకనైనా విరమించుకుంటే మేలు. మనకూ చింపాంజీలకూ లక్షల ఏళ్ల కిందట ఉమ్మడి పూర్వీకులున్నారే తప్ప, నేటి ఏ వానరమూ మన తాత కాదు.

దీర్ఘకాల పరిశోధన వల్ల జ్ఞానమే కాదు, జంతువులూ మిగులుతాయి. మధ్య ఆఫ్రికాలోని విరుంగా కొండల్లో 1980ల తొలినాళ్లలో సుమారు 250కి పడిపోయిన పర్వత గొరిల్లాలు 2015-16 లెక్కల్లో 604కు చేరాయి. రోజూ గుంపుల వెంట నడిచే కాపలాదారులు, ఉచ్చుల్లో చిక్కిన వాటికి అడవిలోనే చికిత్స చేసే పశువైద్యులు ఇందుకు ప్రధాన కారకులు. అయితే దగ్గరికి వెళ్లడంలో ముప్పూ ఉంది. ఉగాండాలోని కన్యవారాలో 2013లో, మనుషులకు మామూలు జలుబు తెచ్చే వైరస్‌ల కోవలోనిదే సోకి ఐదు చింపాంజీలు మరణించాయి. మాస్కు, కనీస దూరం వంటి నియమాలు అందుకే వచ్చాయి. మొత్తం వానర జాతుల్లో దాదాపు 60 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు కనుక, అడవుల్లోని ఇలాంటి పరిశోధన కేంద్రాలు ఏళ్ల తరబడి ఎలా నడుస్తున్నాయో, వాటికి నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా వార్తాంశం కావాలి.

కాబట్టి ప్రతి పరిశోధన వార్త చివర అధ్యయనం సాగిన కాలం, స్థలం, జంతువుల సంఖ్య ఒక వాక్యంలో చేర్చాలనీ, పాత ఫలితాన్ని సవరించే కొత్త అధ్యయనం వచ్చినప్పుడు దానికీ అంతే చోటు ఇవ్వాలనీ కోరుతున్నాను. ఫొటోల ఎంపికలోనూ కొంత జాగ్రత్త అవసరం. మనిషి పక్కన నిలబడిన చింపాంజీ బొమ్మను చూసినవారు, అడవిలో వాటి సంఖ్యకు ఢోకా లేదని భావించే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చూపాయి. అందువల్ల దుస్తులు తొడిగిన కోతిపిల్లల చిత్రాల బదులు, సొంత అడవిలో ఉన్న జంతువుల చిత్రాలే వేయగలరని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు