హైవే 12 నుంచి తిరిగొచ్చాను

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి క్షేమంగా ఇల్లు చేరాను. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో చాలాచోట్ల సిగ్నల్ లేదు, అందుకే జవాబివ్వలేకపోయాను. కంగారుపడ్డవాళ్లు క్షమించాలి.

జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్ నేషనల్ పార్కులు మూడూ చూశాను కానీ మనసు మాత్రం హైవే 12 మీదే ఉండిపోయింది. పాంగ్విచ్ నుంచి టోరీ దాకా 120 మైళ్లకు పైనే. ఎస్కలాంటే ఊరు దాటాక హాగ్‌బ్యాక్ అనే చోట రోడ్డు కొండ వెన్నుమీద వెళ్తుంది. రెండు పక్కలా లోయే! పాటలు ఆపేసి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని మెల్లగా దాటాను. అక్కణ్నుంచి బౌల్డర్ కొండ ఎక్కితే 9,600 అడుగుల ఎత్తు. కింద ఎర్రరాళ్ల మధ్య ఎండ మాడ్చేసింది, పైన ఆకులు పసుపురంగుకి తిరిగిన ఆస్పెన్ చెట్ల కింద స్వెట్టర్ వేసుకోవాల్సి వచ్చింది.

బ్రైస్‌లో రాతి స్తంభాలను చెక్కింది మంచేనట. పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి రాయిని చీలుస్తుంది. తెల్లారేటప్పుడు చూడండి, తప్పకుండా.

ఒంటరిగా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఇరుకు కాన్యన్లలోకి, అంటే నిలువు రాతిగోడల మధ్య లోయల్లోకి దిగేముందు వరద హెచ్చరికలు చూడాలి. నెత్తిమీద ఆకాశం నీలంగా ఉన్నా, ఎక్కడో మైళ్ల దూరంలో పడ్డ వాన నిమిషాల్లో మీదికొస్తుంది. నేను వెళ్లిన రోజు మబ్బు చూసి దిగలేదు. ట్యాంకు సగమవగానే పెట్రోలు పోయించుకోండి, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రోజూ ఏ దారిన వెళ్తున్నానో అక్కకు చెప్పి బయల్దేరేదాన్ని.

క్యాపిటల్ రీఫ్‌లోని ఫ్రూటా తోటలో కోసిన ఆపిల్స్ తెచ్చాను. ఆదివారం గుడి దగ్గర ఇస్తాను.