మోటారు కొనకముందే లెక్క అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను చీమకుర్తి గ్రానైట్ క్వారీలో క్రేన్ నడుపుతాను. మా అమ్మాయి ఒంగోలులో డిప్లొమా మెకానికల్ ఆఖరి సంవత్సరం. మొన్న ప్రాజెక్టు కోసం నలుగురు పిల్లలు కలిసి రోబో చెయ్యి తయారు చేశారు. నిటారుగా నిలబెట్టినంతసేపూ బాగానే ఉంది. ముందుకు చాచి పావుకిలో బరువు పట్టుకునేసరికి వణికి వాలిపోయింది. మోటారు కాలిన వాసన వచ్చింది. డబ్బులు దాచుకుని కొన్న సామాను. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం ముట్టలేదు.

నాకు ఫార్ములాలు రావు. కానీ నా క్రేన్ క్యాబిన్‌లో, ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే లోడ్ చార్టు ఉంటుంది. బూమ్, అంటే క్రేన్ పొడవాటి చెయ్యి, దగ్గరగా ఉన్నప్పుడు లేచే బండ, దూరం చాస్తే లేవదు. "మరి మీ చేతికి చార్టు ఏదమ్మా?" అని అడిగాను. కాగితం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం.

బరువును కీలు నుంచి దానికున్న దూరంతో గుణిస్తే, కీలు మీద పడే భారం కేజీ సెంటీమీటర్లలో వస్తుంది. చెయ్యి పొడవు 30 సెంటీమీటర్లు. దాని సొంత బరువు 200 గ్రాములు సగం దూరంలో పడుతుంది కాబట్టి 3 కేజీ సెంటీమీటర్లు. కొసన వస్తువును పట్టుకునే గ్రిప్పర్ 150 గ్రాములు, అది 4.5. ఎత్తాల్సిన 250 గ్రాములకు 7.5. మొత్తం 15. భుజం దగ్గర పెట్టిన సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి నిలిచే మోటారు) 10 కేజీ సెంటీమీటర్లది! ఆ 10 కూడా మోటారు తిరగలేక ఆగిపోయే చోటి లెక్క, అంత బరువు దాని మీద ఉంచకూడదు. ఈ 15 ఊరికే పట్టుకుని ఉండటానికే. అర సెకనులో 90 డిగ్రీలు లేవాలంటే వేగం పుంజుకోవడానికి ఇంకో 10 పైనే కావాలని తర్వాత మా అమ్మాయే కట్టి చూపించింది. బండను జర్క్‌తో లేపితే రోప్ మీద ఏం పడుతుందో తెలిసినవాణ్ణి, నాకు వెంటనే అర్థమైంది.

బరువును దూరంతో గుణించే ఈ మొమెంట్ లెక్కలు పిల్లలు చదివినవే, పరీక్షలో రాసినవే. మోటారు కొనే రోజున మాత్రం ఎవరూ అడగలేదు. వీడియో చూసి కొనేశారు. తప్పు వాళ్లదే అనలేను.

పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల లెక్చరర్లకు నా మనవి: ప్రాజెక్టు ఒప్పుకునే రోజే, ఒక్కో కీలు మీద ఎంత టార్క్ (తిప్పే బలం) పడుతుందో పిల్లలతో చేత్తో రాయించండి. చెయ్యి పూర్తిగా చాచినప్పటి లెక్క అందులో తప్పకుండా ఉండాలి. అది చూసి సంతకం పెట్టాకే సామాను కొననివ్వండి. మా వాళ్లు చేతిని 20 సెంటీమీటర్లకు తగ్గించి, 35 కేజీ సెంటీమీటర్ల మోటారు కోసం మళ్లీ డబ్బులు పోగేసుకుంటున్నారు.

- ఒక క్రేన్ ఆపరేటర్, చీమకుర్తి, ప్రకాశం జిల్లా